శుక్రవారం పోయే ఫ్యూజు

మొహిద్దీన్ సాయిబు కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి జారి ఉండేది. పుట్టుకతో వచ్చిన వంకర కాదది, నిచ్చెన మోసి మోసి తెచ్చుకున్నది. ఏలూరు వీధుల్లో కిరసనాయిలు దీపాలు వెలిగిన రోజుల్లో ఆయన మునిసిపాలిటీవారి దీపాల మనిషి. పొద్దు వాలేసరికి భుజాన నిచ్చెన, చేతిలో నూనె డబ్బా, మొలకి మసిగుడ్డ. స్తంభానికి నిచ్చెన ఆనించటం, ఎక్కటం, చిమ్నీ తుడిచి వత్తి సరిచేసి వెలిగించటం, దిగటం, మళ్లీ నిచ్చెన ఎత్తుకోవటం. కాలవగట్టు దగ్గర మొదలుపెట్టి పేట చివరి దీపం దాకా వచ్చేసరికి మొదటి దీపం చిమ్నీకి మసి పట్టి ఉండేది. తంగెళ్లమూడిలో తివాచీలు నేసేవాళ్ల ఇంట పుట్టినవాడు, మగ్గం ముందు నిక్షేపంలా కూర్చుని ఉన్నిముళ్లు వేసుకోవలసినవాడు, ఈ నిచ్చెన ఎందుకు ఎత్తుకున్నాడయ్యా అంటే, చిన్నప్పుడు వాళ్ల నాన్న కూర్చోబెడితే కూర్చునేవాడు కాదట. ఇప్పుడు కూర్చోవాలని ఒళ్లంతా కోరుతోంది, కూర్చోనిచ్చే దిక్కే లేదు.

ఊరికి కరెంటు వచ్చినప్పుడు దీపాల మనుషులందర్నీ ఇంటికి పొమ్మన్నారు. మొహిద్దీన్ కూడా వెళ్లి మగ్గం ముందు కూర్చున్నాడు గానీ, అప్పటికే వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. ఆయన భార్య ఆబిదా వేసే ముళ్ల పక్కన ఈయన ముళ్లు చూసి బేరగాడు నవ్వాడు. అంతలో మద్రాసు నుంచి వచ్చిన వైరింగు మేస్త్రీ ఒకాయనకి గోడలెక్కే మనిషి కావలసివచ్చాడు. ఈయనకి ఎక్కడం వచ్చు, ఉలీ సుత్తీ పట్టడం వచ్చు. ఇంకేం కావాలి? పొడుగాటి టేకుపట్టీలు, వాటిలో రెండేసి గాడులు, ఒక గాడిలో వచ్చే తీగ, ఇంకో గాడిలో పోయే తీగ, పైన మూతపట్టీ పెట్టి మరలు బిగించటం. ఆ పని ఏడాదిలో ఒంటబట్టింది. ఊరు మారింది, వెలుగు మారింది, భుజం మీది బరువు మాత్రం ఉన్నచోటే ఉంది.

యాభై దాటాక ఆ పని ఆయన్ని నమలటం మొదలుపెట్టింది. గోడలో చిల్లు పొడిచినప్పుడల్లా సున్నపుదుమ్ము గొంతులోకి పోయి దగ్గు. తల వెనక్కి వాల్చి కప్పుకి మరలు బిగించి బిగించి మెడ పట్టేసేది. తాడేపల్లిగూడెం బియ్యపు మిల్లులో దీపాలు పెట్టాలని కబురొస్తే రైల్లో పోవాలి. నిచ్చెన సామాన్లు వేసే బ్రేకుపెట్టెలో వేయించటానికి గార్డుని బతిమాలాలి. భీమడోలులో బండి ఆగినప్పుడు కిందికి దిగి కాళ్లు చాచుకుని మళ్లీ ఎక్కాలి, లేకపోతే మోకాళ్లు బిగుసుకుపోయేవి. ఇంటికి వచ్చాక ఆబిదా వేడినీళ్ల గుడ్డ భుజం మీద వేసి, "ఇంకెన్నాళ్లండీ ఇలా?" అనేది. 

ఆ ప్రశ్నకి జవాబు ఒక కుర్చీ రూపంలో కనిపించింది. కరెంటు కంపెనీవారికి కాలవ అవతల స్విచ్చి గది ఒకటి ఉంది. ఆ గదిలో ఒక మనిషి కూర్చుని ఉంటాడు. మీటర్ల ముళ్లు చూడటం, సాయంత్రం ఒక స్విచ్చి వేస్తే ఊళ్లో వీధి దీపాలన్నీ వెలగటం, తెల్లారి తీసెయ్యటం, అంతే అతని పని. చేతుల కుర్చీ, పేము అల్లిక, వీపుకి ఆనుకోవటానికి వీలు. ఆ మనిషి పనిమానేసి చింతలపూడి వైపు తన ఊరికి వెళ్లిపోతున్నాడని తెలిసిన రోజు నుంచి మొహిద్దీన్‌కి నిద్రలోనూ మెలకువలోనూ అదే కుర్చీ. ఇంత వయసొచ్చి కుర్చీ మీద మనసుపడటమేమిటని తనమీద తనకే సిగ్గేసేది. అయినా మోకాళ్లకి సిగ్గుండదు కదా.

ఆ కుర్చీ ఎవరికివ్వాలో చెప్పగలిగిన మనిషి పవర్‌పేటలో ఉన్నాడు. పేరు కోదండరామయ్య. మునిసిపల్ కౌన్సిలరు, పొలాలున్నవాడు, కంపెనీ మేనేజరుకి స్నేహితుడు. మనిషి చెడ్డవాడు కాదు, గొంతే చెడ్డది. ఆయన మంచినీళ్లడిగినా పక్కింటివాళ్లు ఉలిక్కిపడేవారు. వీధిలో మొట్టమొదట తన ఇంట్లోనే కరెంటు దీపాలు వెలగాలని పట్టుబట్టి, మొహిద్దీన్‌ని పిలిపించాడు.

"శుభ్రంగా చెయ్యి సాయిబూ. నాలుగు వారాలు దీపాలు నిక్షేపంలా వెలిగితే ఆ స్విచ్చి గదిలో నిన్నే కూర్చోబెట్టిస్తాను. నాది పూచీ," అన్నాడు.

మొహిద్దీన్ ఆ ఇంటికి పనిచేసినట్టు తన ఇంటికి కూడా చేసుకుని ఉండడు. పట్టీలకి వంకర లేకుండా దారం పట్టి గీత గీశాడు. ప్రతి మరమేకుకీ మైనం రాశాడు. మీటరూ, మెయిన్ స్విచ్చీ, పింగాణీ ఫ్యూజులూ ఉన్న బోర్డుని నడవలో, పూజగది గుమ్మం పక్కన బిగించాడు. దీపాలు వెలిగిన రోజున అరుగు మీద కోదండరామయ్యనీ, ఆయన తమ్ముళ్లనీ, పాలేరు వీర్రాజునీ నిలబెట్టి అన్నీ చెప్పాడు. స్విచ్చి ఎలా వెయ్యాలి, బల్బు ఎలా మార్చాలి, తడి చేత్తో ఎందుకు ముట్టుకోకూడదు, అన్నీ. ఆడవాళ్లు తలుపు వెనకాల ఉన్నారు. పరాయి మగవాడి ముందుకి ఆ ఇంటి ఆడవాళ్లు రారు, వాళ్లని రమ్మని ఆయన అడగడు. అది అప్పటి పద్ధతి. ఎవరికీ అందులో తప్పు కనపడలేదు.

మొదటి శుక్రవారం చీకటిపడే వేళకి వీర్రాజు తంగెళ్లమూడి దాకా పరిగెత్తుకొచ్చాడు.

"సాయిబుగారండీ, దీపాలు ఒక్కటీ ఎలగట్లేదండి. అయ్యగారు కేకలేస్తన్నారండి, తొరగా రండి!"

వెళ్లి చూస్తే ఫ్యూజు పోయింది. సన్నతీగ కరిగిపోయి పింగాణీ లోపల నల్లగా మచ్చపడి ఉంది. కొత్త తీగ వేశాడు. దీపాలు వెలిగాయి. ఇది మామూలే, కొత్త ఇంట్లో ఒకసారి పోవటం ఉంటుందనుకున్నాడు. రెండో శుక్రవారం మళ్లీ వీర్రాజు. మూడో శుక్రవారం మళ్లీ వీర్రాజు. మిగతా రోజుల్లో దీపాలు దీపాల్లా వెలిగేవి. శుక్రవారం వచ్చేసరికి ఆ ఇంటికి ఏం పుట్టేదో గానీ, సాయంత్రం స్విచ్చి వేస్తే ఏ గదిలోనూ వెలుగుండేది కాదు.

ఆబిదా వాకిట్లో వీర్రాజు నీడ పడగానే లోపలి నుంచే, "శుక్రవారం చుట్టం వచ్చాడండీ," అనేది. నవ్వటానికే అనేది గానీ ఇద్దరికీ నవ్వొచ్చేది కాదు.

మొహిద్దీన్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. వెళ్లినప్పుడల్లా బోర్డు కాస్త చెమ్మగా తగిలేది. వానాకాలం, కొల్లేటి మీంచి వచ్చే గాలికి ఊళ్లో ఉప్పు నీరైపోతోంది, టేకుపట్టీలు ఉబ్బుతున్నాయి, ఆ చెమ్మే కాబోలు అనుకున్నాడు. ఒక ఆదివారమంతా నిచ్చెన మీదే ఉండి పట్టీల మూతలన్నీ ఊడదీసి, తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయిందేమోనని వేలితో తడుముకుంటూ పోయాడు. ఎక్కడా ఏమీ లేదు. మళ్లీ మూతలన్నీ బిగించాడు. ఆ రాత్రి భుజం ఎత్తలేక ఆబిదా చేత అన్నం నోట్లో పెట్టించుకున్నాడు.

కోదండరామయ్యకి సహనం అయిపోయింది. "సాయిబూ, వచ్చే శుక్రవారం మేనేజరు ఈశ్వరప్రసాద్ గారు మా ఇంటికి ఫలహారానికి వస్తున్నారు. నీ సంగతి ఆయన చెవిన వెయ్యాలని నేనే పిలిచాను. ఆయన కూర్చుని ఉండగా దీపం పోయిందనుకో, నీ కుర్చీ సంగతి దేవుడెరుగు, వీధిలో నా తల ఎక్కడ పెట్టుకోను? నాటకాల హాలువాడు ఫ్యూజులో లావుతీగ వేశాడట, ఒక్కనాడూ పోలేదట. నువ్వూ అదే వెయ్యి, గొడవ వదిలిపోతుంది."

"అది ప్రమాదమండీ బాబుగారూ."

"ఏం ప్రమాదమయ్యా? వాడి హాలు కాలిపోయిందా?"

కాలిపోలేదు, నిజమే. కాలిపోయేదాకా ఎవరి హాలూ కాలిపోదు. ఆ మాట మొహిద్దీన్ నోటిదాకా వచ్చింది. అనే ఓపిక లేదు. ఇంటికి నడుస్తూ ఉంటే ఒకే ఆలోచన. లావుతీగ వేస్తే ఫ్యూజు పోదు. ఫ్యూజు పోకపోతే కుర్చీ వస్తుంది. ఆ తర్వాత నెమ్మదిగా, కుర్చీలో కూర్చున్నాక, ఎప్పుడో ఒక రోజు వెళ్లి అసలు తప్పేదో వెతికి సన్నతీగ మళ్లీ వేసెయ్యొచ్చు. అలా అనుకోవటం తప్పని ఆయనకి తెలుసు. అలిసిపోయినవాడికి తెలిసిన తప్పు కూడా దగ్గర దారిలా కనిపిస్తుంది.

ఆ శుక్రవారం పొద్దున్నే లావుపాటి రాగితీగ ముక్క కోసి జేబులో వేసుకున్నాడు. సాయంత్రం పిలిచేదాకా ఆగకుండా, మగవాళ్లు కచేరీలకీ పొలాలకీ పోయే వేళ చూసుకుని, పక్కవాకిలి నుంచి నడవలోకి వెళ్లాడు. ఎవరూ చూడకుండా వేసి రావాలని. ముప్పై ఏళ్ల పనిలో దొంగలా ఒక ఇంట్లోకి వెళ్లటం అదే మొదలు.

నడవలో కోదండరామయ్య భార్య జ్ఞానప్రసూనాంబ ఉంది. తలారా స్నానం చేసి, తడిజుట్టు ముడివేసుకుని, బోర్డు ముందు పీట మీద నిలబడి ఉంది. నీళ్లోడుతున్న గుడ్డతో మీటరునీ, మెయిన్ స్విచ్చినీ, ఫ్యూజుల్నీ అప్పటికే శుభ్రంగా తుడిచేసింది. పక్కన గిన్నెలో కలిపి పెట్టుకున్న పసుపు తీసుకుని రెండు ఫ్యూజులకీ కలిసేలా దట్టంగా పూసింది కూడా. పసుపునీళ్లు ధారగా కారి పింగాణీ సందుల్లోకి దిగుతున్నాయి. కుంకుమ వేలితో అద్దుకుని ఇనప స్విచ్చి మీద బొట్టు పెట్టబోతోంది.

"అమ్మా! చెయ్యి తియ్యండి! చెయ్యి తీసెయ్యండమ్మా!"

ఆవిడ అదిరిపడి పీట మీంచి దిగింది. గిన్నె దొర్లిపోయింది. ఆ క్షణంలోనే బోర్డులోంచి చిటుక్కున చప్పుడయి నల్లటి పొగ రవ్వంత లేచింది. ఫ్యూజు పోయింది.

మొహిద్దీన్ పొడిగుడ్డ చేతికి చుట్టుకుని మెయిన్ స్విచ్చి తీసేశాడు. ఆవిడ పైట భుజం నిండా కప్పుకుని తలుపు చాటుకి వెళ్లబోయి, మళ్లీ ఏమనుకుందో అక్కడే నిలబడింది. ఆయన వైపు కాకుండా బోర్డు వైపు చూస్తూ మాట్లాడింది.

"తప్పు చేశానా సాయిబుగారూ?"

"ప్రతి శుక్రవారం ఇలాగే చేస్తున్నారామ్మా?"

"గడపకి పెడతాం, పొయ్యికి పెడతాం, గాదెకి పెడతాం. ఇల్లంతటికీ వెలుగిచ్చే చోటుకి పెట్టకపోతే ఎలాగండీ? సాయంత్రం మీరొస్తున్నారని తెలిసి తుడిచేసేదాన్ని. చూస్తే నవ్వుతారేమోనని."

అందుకే ఆ చెమ్మ. కొల్లేటిగాలిని అన్ని వారాలు ఉత్తినే తిట్టుకున్నాడు.

"నాలుగు వారాల నుంచీ దీపం పోతోంది కదమ్మా, అనుమానం రాలేదా?"

"వచ్చిందండీ. నా భక్తి చాలలేదేమో అనుకున్నాను. అందుకే వారం వారం ఇంకాస్త ఎక్కువ పసుపు పెట్టాను."

మొహిద్దీన్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పోయిన ఫ్యూజు ఊడదీసి, అరచేతిలో పెట్టి ఆవిడకి చూపించాడు. అరుగు మీద మగవాళ్లకి చెప్పినప్పుడు గడగడా అప్పజెప్పేశాడు గానీ, ఇప్పుడు నిదానంగా, తనకి తనే మొదటిసారి నేర్చుకుంటున్నట్టు చెప్పాడు.

"కరెంటు ఒక తీగలో వస్తుందమ్మా, ఇంకో తీగలో వెనక్కి పోతుంది. దారిలో బల్బు పెడతాం. అందులోంచి పోయినప్పుడే వెలుగు. స్విచ్చి అంటే కాలవ మీద లాకు లాంటిది. తీస్తే పారుతుంది, మూస్తే ఆగుతుంది. ఎక్కడికక్కడ ఈ రెండు తీగల్నీ కలవకుండా విడివిడిగా ఉంచాలి. అందుకే పట్టీలో వేరే వేరే గాడులు. మీరు పూసిన తడి ఆ రెంటినీ కలిపేస్తోంది. పైగా మీ పెరటి బావినీళ్లు ఉప్పన. బల్బు దాకా పోనక్కర్లేకుండా ఇక్కడే దారి దొరికితే, కరెంటు గట్టు తెగిన నీళ్లలా ఒక్కసారి ఉరుకుతుంది. తీగలు కాలతాయి, టేకుపట్టీలు అంటుకుంటాయి. అంతదాకా రాకుండానే ఇందులో వెంట్రుకలాంటి తీగ పెడతాం. ముందు అది కరిగి దారి తెంపేస్తుంది. అది చచ్చి ఇంటిని బతికిస్తుందమ్మా."

చెబుతూ ఉంటే జేబులోని లావుతీగ తొడకి గుచ్చుకుంది. గంట ముందొచ్చి అది వేసి వెళ్లిపోయి ఉంటే, ఈవిడ తరవాత వచ్చి, తడికాళ్లతో, తడిచేత్తో... ఆ పైన ఆలోచించలేకపోయాడు. 

"మరి బొట్టు పెట్టేటప్పుడు నా వేలికి జివ్వుమనేదండీ," అంది ఆవిడ. "ఒకోసారి లోపల చిటుక్కుమనేది కూడా. అమ్మవారు పలికిందనుకున్నాను."

"అది కరెంటమ్మా. అమ్మవారు కాదు. ఇంకాస్త తడి ఎక్కువైతే మిమ్మల్ని పట్టుకుని వదిలేది కాదు."

ఆవిడ ముఖం చిన్నబోయింది. ప్రాణం దక్కిందన్న సంతోషం కంటే, పోయిందేదో ఎక్కువగా కనిపించింది అందులో. "వారమంతా దానికోసమే చూసేదాన్నండీ," అంది. "ఈ ఇంట్లో నేనేం చేసినా ఎవరూ పలకరు. కేకలేస్తారు గానీ పలకరు. అదొక్కటీ పలికింది కదా అనుకున్నాను."

మొహిద్దీన్ తల దించుకున్నాడు. ఎన్నో ఇళ్లు తిరిగినవాడు గానీ ఇలాంటి మాట ఎవరూ ఆయనతో అనలేదు.

"బాబుగారికి చెప్పాలమ్మా. నా పనిలో తప్పు లేదని తెలియాలి కదా. నాకు ఆ స్విచ్చి గది పని..."

"తెలుసండీ. వారు చెబుతూ ఉంటే విన్నాను. చెప్పండి. మీ నోటిముందు ముద్ద నా మూలంగా పోకూడదు." అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. బతిమాలి ఉంటే ఆయనకి కోపం వచ్చి ఉండేది, సులువుగా చెప్పేసి ఉండేవాడు. ఆవిడ బతిమాలలేదు.

మధ్యాహ్నానికి జుమ్మా నమాజు ముగించుకుని, వడ్రంగి దగ్గర పాతటేకు పలకలు తెచ్చుకుని, బోర్డుకి తలుపున్న చెక్కపెట్టె ఒకటి చేసి బిగించాడు. లోపలంతా ఆరేదాకా గుడ్డతో అద్ది, సన్నతీగే వేశాడు. పొద్దున్న కోసిన రాగితీగని కాలవలో పారేశాడు. "ఇకనుంచి పసుపూ కుంకుమా ఈ తలుపు మీద పెట్టుకోండమ్మా, పొడిగా. లోపలికి మాత్రం చెయ్యి పెట్టొద్దు," అని తలుపు చాటున ఉన్న ఆవిడకి వినపడేలా చెప్పాడు.

సాయంత్రం దీపాలు వెలిగాయి. వెలిగి, పోలేదు. ఈశ్వరప్రసాద్ వచ్చి అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. కోదండరామయ్య ఉబ్బిపోతూ మొహిద్దీన్‌ని పిలిచి మెట్టు కింద నిలబెట్టాడు.

"వీడేనండీ నేను చెప్పిన సాయిబు. పెట్టె ఏదో కట్టాడు, ఇవాళ దీపం పోలేదు చూశారా!"

మేనేజరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. "బాగుందోయ్. మరి ఇన్ని శుక్రవారాలు ఎందుకు పోయినట్టు? తప్పెక్కడుంది?" అని అడిగాడు.

చెప్పటానికే మొహిద్దీన్ నోరు తెరిచాడు. పొద్దుటి నుంచీ కూడబలుక్కున్న మాటలు అన్నీ వరసగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే కోదండరామయ్య లోపలికి తిరిగి, "ఫలహారాలేవీ? ఇంట్లో మనుషులున్నారా, చచ్చారా?" అని అరిచాడు.  గుమ్మానికి కట్టిన తెర పక్కనుంచి పళ్లెం పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. వీర్రాజు ఆ పళ్లెం అందుకున్నాడు. చెయ్యి వెనక్కి పోయింది గానీ తెర మాత్రం కదులుతూనే ఉంది. ఆవిడ అక్కడే నిలబడి వింటోంది.

ఇప్పుడు చెబితే ఏమవుతుందో మొహిద్దీన్‌కి బొమ్మ కట్టినట్టు కనిపించింది. మేనేజరు నవ్వుతాడు. ఆ నవ్వుకి కోదండరామయ్య మండిపడతాడు. ఆ మంటంతా ఈ రాత్రికీ, రేపటికీ, ఇంకెన్నాళ్లకో తెర వెనక మనిషి మీద పడుతుంది. ఇంకొకటి కూడా తోచింది, అది మరీ బాధపెట్టింది. ఇంట్లో దీపాల దగ్గర మసిలేది ఆడవాళ్లు. తను చెప్పింది మగవాళ్లకి. తలుపు వెనక ఉన్నవాళ్లకి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

"తప్పు నాదేనండీ," అన్నాడు. "చెమ్మ తగిలేచోట బోర్డు బిగించాను. చెప్పవలసింది సరిగా చెప్పలేదు కూడాను."

ఈశ్వరప్రసాద్ తల పంకించాడు. ఆయన మాటలో కోపం లేదు. "ఒప్పుకున్నావు, మంచిదే. కానీ తన పనిలో తప్పు పట్టుకోవటానికే ఇన్ని వారాలు పట్టినవాణ్ణి స్విచ్చి గదిలో ఎలా కూర్చోబెట్టనండీ కోదండరామయ్యగారూ? అక్కడ తప్పు జరిగితే ఊరంతా చీకటైపోతుంది." ఆ మాటలో న్యాయం ఉంది. న్యాయం ఉండబట్టే ఎదురు చెప్పటానికి లేకపోయింది. కోదండరామయ్య జిలేబీ పళ్లెం ముందుకి జరిపి వేరే మాటలోకి వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లేదారిలో మొహిద్దీన్ తనని తానే తిట్టుకున్నాడు. ఆవిడనీ తిట్టుకున్నాడు, పసుపునీ తిట్టుకున్నాడు. తెర వెనక నిలబడి అంతా విన్న మనిషి ఒక్క మాట బయటికి అని ఉండకూడదా అనుకున్నాడు. ఆవిడకి అలా అనే వీల్లేదని తెలుసు, ఎందుకు వీల్లేదో కూడా తెలుసు, అయినా అనుకున్నాడు. ఆబిదా సంగతంతా విని, "పెద్ద దాతగారు! వాళ్లింట్లో గొడవ పడకుండా మనింట్లో పెట్టుకొచ్చారు," అని పొయ్యి దగ్గరికి విసురుగా వెళ్లిపోయింది. కాసేపటికి వేడినీళ్ల గుడ్డ తెచ్చి భుజం మీద వేసింది.

ఆ తర్వాత ఆయన ఏ ఇంట్లో పని చేసినా, దీపాలు వెలిగిన రోజున ఒక పేచీ పెట్టేవాడు. ఇంటి ఆడవాళ్లని తలుపు దగ్గరికైనా పిలవాలి, వాళ్లు వింటూ ఉండగా తను చెప్పాలి. తడిగుడ్డ తగలకూడదు, పసుపు పుయ్యకూడదు, పిల్లల్ని రానివ్వకూడదు. కొన్ని ఇళ్లలో నవ్వి ఊరుకున్నారు. కొన్ని ఇళ్లలో, ఈ సాయిబుకి ఆడవాళ్లతో మాటలెందుకని ముఖం చిట్లించి వేరే మేస్త్రీని పిలిపించుకున్నారు. ఆయన ఆ పద్ధతి మానలేదు. పని తగ్గింది, అలసట తగ్గలేదు.

స్విచ్చి గదిలో పెద్దిరాజు అనే పాతికేళ్ల మనిషిని వేశారు. కోదండరామయ్య పొలం కౌలుకి చేసేవాళ్ల అబ్బాయి, కలిదిండి వైపువాడు, నెమ్మదస్తుడు. చలికాలంలో కంపెనీ నుంచి మొహిద్దీన్‌కి కబురొచ్చింది. పొద్దు వాలాక మీటర్ల ముళ్లు సరిగా కనపడటం లేదట, కుర్చీకి పైన ఒక దీపం బిగించాలట.

వెళ్లాడు. నిచ్చెన ఆనించి ఎక్కి, కప్పుకి పట్టీ కొట్టి, తీగ లాగి, హోల్డరు బిగించాడు. పెద్దిరాజు లేచి నిలబడి, ముసలాయన జారిపోతాడేమోనని చివరిదాకా నిచ్చెన పట్టుకునే ఉన్నాడు. దీపం వెలిగింది. కింద కుర్చీ బాగా కనిపించింది. పేము కొత్తగా అల్లించారు. కుర్చీ చేతులు నున్నగా అరిగి ఉన్నాయి. కూర్చుంటే వీపు ఎక్కడ ఆనుతుందో, కాళ్లు ఎంతదాకా చాచుకోవచ్చో మొహిద్దీన్‌కి చూడగానే తెలిసింది.

"ఇది మీకు రావాల్సిన పనటండి, వీర్రాజు చెప్పాడండి," అన్నాడు పెద్దిరాజు, తనేదో తప్పు చేసినట్టు. "కూసేపు కూర్చోండి. టీ తెప్పిత్తానండి."

"టీ తాగుతాను బాబూ. కూర్చోను."

"మొహమాటపడకండి. ఎవరూ ఏవనరండి."

"మొహమాటం కాదు."  మొహిద్దీన్ దగ్గు వంకన ముఖం పక్కకి తిప్పుకుని, మళ్లీ ఇటు తిరిగాడు. "ఎంత సుఖంగా ఉంటుందో ఇప్పటిదాకా నాకు తెలియదు. తెలియదు గనకే నిచ్చెన ఎక్కగలుగుతున్నాను. కూర్చుంటే తెలిసిపోతుంది."

పక్క కొట్టు నుంచి టీ వచ్చింది. పెద్దిరాజు ఒక గ్లాసు ఆయనకిచ్చి, రెండోది తను పట్టుకుని, కుర్చీ వైపు చూసి, కూర్చోలేకపోయాడు. ఇద్దరూ దానికి చెరోపక్కన నిలబడి టీ తాగారు.